అల్లుడుగారి చేపల వేట

నా చిన్నప్పుడు మా ఇంటికి అల్లుడుగారు వచ్చారంటే పెరట్లో కుక్కను కూడా అరవనిచ్చేవారు కాదు. ఆయన మా మేనత్త భర్త, నాకు మామయ్య. ఉద్యోగం పని మీద ఏదో పడమటి దేశం వెళ్ళి ఆర్నెల్లు ఉండి వచ్చాడు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే, వచ్చేటప్పటికి వేటగాడైపోయాడు. అక్కడి చల్లటి నదుల్లో ట్రౌట్ అనే చేప ఉంటుందట. దాన్ని వానపాముతో పట్టడం నామోషీ అట. ఈకలతో, దారంతో ఉత్తుత్తి ఈగను కట్టి నీళ్ళ మీద ఆడించి పట్టాలట. ఆ ఏడు తొలకరికి మా ఊరు వస్తూ మడతలు పడే గేలం కర్ర, తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు, డబ్బా నిండా రంగురంగుల ఈగలు మోసుకొచ్చాడు. మా కాలవలో నీళ్ళు మోకాటి లోతు. ఆ బూట్లు చూసి గేదెలు బెదిరాయి. మా నాన్న మాత్రం భలే ఉన్నాయి బావగారూ అన్నాడు.

పీట మీద కూర్చున్నప్పుడల్లా ఆయన మాకు పాఠం చెప్పేవాడు. చేపలు గుడ్లు పెట్టే కాలంలో అక్కడ వేట బందట. పిల్లలు పెద్దవయ్యేదాకా ఎంతటివాడూ నీళ్ళలో గేలం వెయ్యడట. మనవాళ్ళకి ఆ బుద్ధి ఎన్ని జన్మలెత్తినా రాదని పెరుగన్నం కలుపుకుంటూ నిట్టూర్చేవాడు. మా ఇంటిల్లిపాదీ తలలూపేవాళ్ళు.

రెండు రోజులు పొద్దుటే వెళ్ళాడు, మధ్యాహ్నానికి ఒట్టి చేతులతో వచ్చాడు. ఆ రెండు రోజులూ మా నాయనమ్మ మసాలా నూరి, చింతపండు నానబెట్టి కూర్చుంది. చివరికి గోంగూరే వండింది. ఇంకెవరైనా అయితే ఊరంతా నవ్వి చంపేది. ఇంటల్లుడి ముందు నవ్వకూడదు. మూడో రోజు నాయనమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది.

"ఏమే, ఎప్పుడూ ఆ సాయిబు తాత వెనకాలే తిరుగుతుంటావుగా. చేపలెక్కడుంటాయో మామయ్యకి చూపించు. అల్లుడు ఉత్త చేతుల్తో పోతే మన పరువేం కావాలి?"

సాయిబు తాత దూదేకేవాడు. ఇంటింటికీ వచ్చి, గట్టిపడిన పరుపులు విప్పి, దూది ఏకి మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. పని లేని పూట చేపలకు పోయేవాడు, వెంట నన్ను తీసుకుపోయేవాడు. తమాషా ఏమిటంటే ఆయనా ఉత్తుత్తి పురుగులే కట్టేవాడు. ఏ దేశమూ వెళ్ళకుండానే. కోడిపుంజు మెడ ఈకను పరుపులు కుట్టే దారంతో గేలానికి చుట్టేవాడు. తొలకరి వాన వెలిశాక ఉసిళ్ళు లేచి నీళ్ళలో రాలతాయి కదా, వాటి కోసం పరిగె చేపలు ఎగురుతాయి. అప్పుడు ఆ ఈకను వాటి మధ్య వదిలేవాడు. కూరకు సరిపడా పడగానే గేలం చుట్టేసేవాడు.

పత్తిచేల పక్కన ఒక కుంట ఉండేది. ఆ కాలంలో అందులో మాత్రం గేలం వేసేవాడు కాదు. అక్కడ కొర్రమీను పిల్లలు ఎర్రగా, వందలకు వందలు ఒకే ముద్దగా తేలుతూ మునుగుతూ తిరుగుతుండేవి. వాటి కింద పెద్ద చేప కాపలా ఉంటుంది. జంటలో ఒకదాన్ని ముందే ఎవరో పట్టుకుపోయారని, ఒక్కటే మిగిలిందని తాత చెప్పాడు. పిల్లల దగ్గర ఏది పడినా అది వచ్చి కరుస్తుంది.

"అది ఆకలికి కరవదమ్మా. పిల్లల జోలికొచ్చారని కరుస్తది. ఆ కోపాన్ని అడ్డం పెట్టుకుని పట్టేవాడు వేటగాడు కాదు, దొంగ."

ఇదంతా తెలిసే నేను మామయ్యను ఆ కుంట దగ్గరికి తీసుకుపోయాను. నాయనమ్మ చెప్పిందనే కాదు. దారిలో ఆయన ఆ ఈగల డబ్బా నా చేతికిచ్చి, నువ్వే నా అసిస్టెంటువి అన్నాడు. ఎనిమిదేళ్ళ దాన్ని, ఆ ఒక్క మాటకి పొంగిపోయాను. ఎర్రగా కదులుతున్న చోటుకేసి వేలు చూపించాను. చూపించాక భయం వేసి, పిల్లలున్నాయి మామయ్యా అన్నాను.

"ఇదేమన్నా ట్రౌటా? బురద చేప!" అని నవ్వి గేలం విసిరాడు.

మొదటి విసురుకే పడింది, నా మోచెయ్యంత చేప. పడక ఏం చేస్తుంది? ఆయన మాత్రం మణికట్టు ఎలా తిప్పాడో వీధి అరుగు మీద నిలబడి పదిసార్లు తిప్పి చూపించాడు. బూట్లు తొడుక్కుని, చేపను ఎత్తి పట్టుకుని ఫొటో తీయించుకున్నాడు. పక్కన డబ్బా పట్టుకుని నేనున్నాను. నవ్వుతున్నాను కూడా. నాయనమ్మ పులుసు పెట్టింది. అల్లుడుగారు రెండు ముక్కలు నోట్లో వేసుకుని, బురద వాసనంటూ మిగతావి కంచం అంచుకు తోసి, ఆవకాయ వేయించుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు, అక్కడి చట్టాల గురించి. అక్కడ జరిమానా వేస్తారు కాబట్టి ఆయనకు బుద్ధి ఉంది. ఇక్కడ అత్తగారిల్లు, అడిగేదెవరు?

సాయంత్రం తాత దగ్గరికి వెళ్ళి ఏడుస్తూ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. మర్నాడు పొద్దున్నే కుంట గట్టు మీద నన్ను కూర్చోబెట్టి చేతికి ఒక తాటాకు మట్ట ఇచ్చాడు.

"వాటి మనిషిని పట్టించావు కదా. ఇక నువ్వే చూసుకోవాలి."

కూర్చున్నాను. కొంగలొస్తే మట్ట ఊపి అరిచాను. లకుముకి పిట్ట దిగితే మట్టిబెడ్డలు విసిరాను. తాత పక్క చేలో చెట్టు కింద కూర్చుని పరుపు కుట్టుకుంటూ గమనిస్తూనే ఉన్నాడు, సాయం మాత్రం రాలేదు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి నాలుగు ముద్దలు మింగి పరుగెత్తుకొచ్చేసరికి ఆ ఎర్ర ముద్ద సగమైంది. మర్నాడు అన్నానికి కూడా వెళ్ళలేదు. అయినా తగ్గుతూనే ఉన్నాయి. కప్పలు తింటున్నాయో, పాము తింటోందో, నీళ్ళ అడుగున జరిగేది నాకేం తెలుస్తుంది? మూడో నాటికి పిల్లలు అక్కడో పది, ఇక్కడో పది చెదిరిపోయాయి. నాలుగో పొద్దున ఒక్కటీ కనిపించలేదు. తాత వచ్చి నా చేతిలో మట్ట తీసుకుని, నెత్తిన చెయ్యి వేశాడు.

"పైనుంచొచ్చేవాటిని తోలావమ్మా. కిందినుంచొచ్చేవాటిని తోలేది అదొక్కటే."

ఆ రోజే మామయ్య ఊరెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ నాకో ఎర్ర ఈగ బహుమతి ఇచ్చాడు. దాన్ని పొయ్యిలో వేశాను. ఈక కాలిన కంపుకు నాయనమ్మ తిట్టింది. ఆ మనిషంటే నాకు అప్పుడు పుట్టిన ఏవగింపు ఆయన పోయాక కూడా పోలేదు. చావుకు వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పమంటే లేచి వచ్చేశాను. అంతకంటే ఎక్కువ ఏవగింపు, ఆ డబ్బా పట్టుకుని నవ్విన పిల్ల మీద.

ఇప్పుడు తాడేపల్లిలో ఉంటున్నాను. మొన్న తొలకరికి కాలవ గట్టున నడుస్తుంటే ఇద్దరు కుర్రాళ్ళు బండి ఆపారు. వీపున ఖరీదైన గేలాలు, టోపీకి కెమెరా. పట్టి, ఫొటో తీసి వదిలేస్తారట, పుణ్యాత్ములు. "అమ్మమ్మా, ఇక్కడ కొర్రమీను పిల్లలు తిరిగే చోటు తెలుసా అండి?" అని ఎంతో మర్యాదగా అడిగారు. వాళ్ళ వెనక, తూటికాడల పక్కన, నీళ్ళు ఎర్రగా కదులుతున్నాయి.

"ఇక్కడ చేపలేంటి నాయనా? ఊళ్ళో మురుగంతా ఇందులోకే వదుల్తారు" అన్నాను.

ముక్కులు మూసుకుని బండి తిప్పారు. నా వయసులో అబద్ధమాడితే తప్పంటారు. వాళ్ళు వంతెన దాటేదాకా ఆ నీళ్ళకేసి కన్నెత్తి చూడకుండా అక్కడే నిలబడ్డాను.