కొట్టి చూసి కూసునే మనిషి

సోమవారం పొద్దుగాల దుకాణం షటర్ సగం లేపిన్నో లేదో, మా కాలనీ బాపు బిడ్డ వచ్చి ఎదురుంగ నిలబడ్డది. చేతుల చిన్న ఫోటో ఉన్నది. "తమ్మీ, బాపు పోయిండు. ఫ్లెక్సీ కావాలె" అన్నది. నేను నవ్విన. నా బతుకంతా మందిని ఆటపట్టించుడే కాబట్టి ఎవ్వలేం చెప్పినా ముందుగాల నవ్వుడు నాకు అలవాటు. అక్క నవ్వలె. "చాయ్ తాగిండు, గిలాస కింద పెట్టిండు, గోడకు ఒరిగిండు. గంతే" అన్నది.

నేను షటర్ మొత్తం లేపి కంప్యూటర్ ముందట కూసున్న. తర్వాత అలవాటు కొద్ది అడిగిన: "మీద ఏం రాయాలె అక్కా?"

"నాకేం ఎరుక తమ్మీ. రోజు పార్కుల నీతోనే ఉండె గద. నువ్వే రాయి."

భూపాలపల్లిల నాది ఫ్లెక్సీల దుకాణం. పుట్టినరోజులకు, పెండ్లిళ్లకు, చావులకు రాసీ రాసీ నా కంప్యూటర్ల మాటలు తయారుగ ఉంటయ్. 'మీరు లేని లోటు తీరనిది' అని ఒక్క మీట నొక్కితె వస్తది. వాటిల ఒక్కటి గూడ బాపుకు అతుకలె. పేరు, పుట్టింది, పోయింది రాసి ఇచ్చిన. మిగిలింది ఇక్కడ రాస్తున్న. తొమ్మిదో తరగతిల బడికి దండం పెట్టినోణ్ని, తప్పులుంటె సదువుకున్నోళ్లు సర్దుకోండ్రి.

ఆయన నాకు చుట్టం కాదు, ఒక్క కాలనీ మనిషి. కాలనీ అంతా బాపు అనేది, నేనూ అన్న. పడుచుతనంల నెల్లికుదురు దిక్కు నుంచి వచ్చి బొగ్గు బాయిల చేరిండు. మా తాన గనిని బాయి అంటం. భూమి కింద ఆయన పని కప్పు చూసుడు. తల మీది బండ గట్టిగున్నదా, ఊడి పడేటట్టున్నదా అని కట్టెతోని కొట్టి, చెవి పెట్టి వినుడు. ఖణ్ మంటె గట్టిది. డబ్ మంటె డొల్ల. బాపు డొల్ల అన్నడంటె పలుగు యాడిదాడ పడేసి అందరు బయటికి రావాల్సిందే.

పని నుంచి దిగినా ఆ కట్టెను మాత్రం ఆయన దించలె. కాలనీ చివర మా పార్కు ఉంటది. అడివి కొట్టి ప్లాట్లు చేసినప్పుడు మిగిలిన జాగ, రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబండ, అంచులకు నాలుగైదు చిన్న చెట్లు, నడుమ నీడకు ఒక్క పెద్ద ఇప్పచెట్టు. బాపు రోజు వచ్చి ముందుగాల అన్నిటిని కొట్టి చూసేది. ఉయ్యాల స్తంభం, బల్ల, చెట్టు మాను. తర్వాతనే కూసునేది.

నాకు షుగర్ వచ్చి డాక్టర్ నడువుమంటె ఆ పార్కుకు పోయిన. మొదటి రోజే నా నాలుక దురద పెట్టింది.

"ఏం బాపూ, బల్లకు జరమొచ్చిందా? నాడి చూస్తున్నవ్?"

ఆయన తల ఎత్తకుండనే, "బల్ల మంచిగనే ఉన్నది కొడుకా. నువ్వు కూసున్నంక ఎట్లుంటదో అని చూస్తున్న" అన్నడు.

నడిచేటోళ్లంతా పగలబడి నవ్విన్రు. నా మీద ఒకడు జోకు వేసి బతికి బట్టకట్టుడు అదే మొదటిసారి. మర్నాడు మల్ల పోయిన, బదులు తీర్చుకుందామని. అట్ల పోవుడు అలవాటైంది.

ఐతారం వస్తె పార్కు బాపుదే. పాడైన ఫ్లెక్సీ ముక్కలు నా దుకాణంల మోపెడు ఉంటయ్, అవి పట్టుకపోయి తెల్ల దిక్కు పైకి పెట్టి పరిచేది. పొయ్యిల బొగ్గు తెచ్చి పిల్లల చేతులల్ల పెట్టి "గీయుండ్రి" అనేది. ఏం గీయాలె అని అడిగితె, "మాటలతోని చెప్పగలిగింది గీయకు, మాటలల్ల చెప్పరానిది గీయి" అనేది. ఆ మాట నాకు ఇప్పటికీ సగమే సమజైంది. ఇంకో ఆట ఉండె. కండ్లు మూసుకొని పార్కంతా తిరుగుడు. చేతితోని బెరడు తడిమి ఏ చెట్టో చెప్పాలె, కాలి కింద ఆకు చప్పుడు విని ఏ ఆకో చెప్పాలె. "కండ్లకు లంచం ఇయ్యొచ్చు, చెవికి ఇయ్యరాదు" అనేది. నేను రెప్పల సందుల నుంచి చూస్తుంటె ఎట్లనో పసిగట్టి కట్టెతోని నా పిక్క మీద ఒక్కటి అంటించేది.

ఇగ నేను చేసిన పని చెప్పాలె. ఇది మొన్నటిదాక కాలనీల ఎవ్వలకు ఎరుకలేదు. బాపుకు ఒక్కనికే ఎరుక.

బాపు రోజు ఆ ఇప్పచెట్టును కొట్టి 'గట్టిది' అని కూసుంటడు గద, సర్కారు బోర్డు వచ్చి డొల్ల అంటె ఆయన మొఖం ఎట్లుంటదో చూద్దామని నాకు బుద్ధి పుట్టింది. ఎర్ర అక్షరాలతోని ఫ్లెక్సీ కొట్టిన. 'హెచ్చరిక. ఈ చెట్టు లోపల డొల్ల. కింద కూర్చొనరాదు. ఇట్లు, అధికారులు.' 'కూర్చొనరాదు' అనే ముక్క నాకు శాన నచ్చింది. సర్కారోళ్లు తప్ప ఎవ్వలు అట్ల మాట్లాడరు. శుక్రవారం మాపటికి చెట్టుకు కట్టిన. శనివారం పొద్దుగాల నవ్వుకొని తీసేద్దామనుకున్న.

కాని శనివారం జనగామల మా బామ్మర్ది ఇంట్ల పెండ్లి. నేను మర్చిపోయిన, నా పెండ్లాం మర్చిపోతదా? తెల్లారకముందే బస్సు ఎక్కిచ్చింది. నాలుగు రోజులు అక్కడనే.

తిరిగొచ్చి చూస్తె పార్కుల పురుగు లేదు. బోర్డు ఫోటో అందరి ఫోన్లల్ల తిరిగింది. తల్లులు పిల్లలను పంపుడు బంద్ చేసిన్రు. పిల్లలు ఇండ్లల్ల ఫోన్లు పట్టుకొని మూలకు కూసున్నరు. ఒక అక్క ఇల్లిల్లు తిరిగి సంతకాలు పోగుచేసింది. కాలనీ అంతా కలిసి చెట్టు కొట్టెయ్యుమని మున్సిపల్ సారుకు కాయిదం ఇచ్చిన్రు. చెట్టు గట్టిదని బాపు ఒక్కడే ఊరంతా తిరిగి చెప్పినా ఎవ్వలు వినలేదట. గురువారం రంపం వస్తదట. చెట్టు పోతె నీడ పోతది, నీడ పోతె ఐతారాలు పోతయ్. నేనే పెట్టిన అని చెప్పుడు నాతోని కాలె. మందిని నవ్విచ్చుడు వచ్చు గని, మంది తిడుతుంటె నిలబడుడు నాకు రాదు.

బుధవారం బాపు దుకాణానికి వచ్చిండు. సంకల మడిచిన ఫ్లెక్సీ. నా ముందు పరిచిండు.

"కొడుకా, ఫ్లెక్సీకి తాడు కట్టే రింగులు ఎన్ని ఉండాలె?"

"నాలుగు, బాపూ."

"దీనికి మూడే ఉన్నయ్. నాలుగో మూలకు ముడి వేసిండు. గింత పిసినారి ఫ్లెక్సీ దుకాణం జిల్లాల ఎన్ని ఉన్నయ్?"

నేను తల వంచుకున్న. తన్నుతడనుకున్న. ఆయన స్టూలును రెండుసార్లు కొట్టి చూసి కూసున్నడు.

"బాయిల గట్టి కప్పును డొల్ల అన్నోనితోని పని ఆగుతది. డొల్లను గట్టి అన్నోనితోని మనిషి పోతడు. నువ్వు మొదటి రకం, అందుకే తన్నుత లేను. లే, నిచ్చెన తే. రేపు సారు వచ్చెవరకు చెట్టు మొత్తం కొట్టి చూడాలె. కింద నుంచి నేను చూసింది మాను ఒక్కటే."

నిచ్చెన నేను పట్టుకున్న. డెబ్భై దాటిన మనిషి మెట్టు మెట్టు ఎక్కి ఒక్కొక్క కొమ్మను కొట్టుకుంట పోయిండు. ఖణ్, ఖణ్. నాకు పానం లేచొచ్చింది. ఉయ్యాలల దిక్కు వంగిన పెద్ద కొమ్మ దగ్గర డబ్ మన్నది. మల్ల కొట్టిండు. మల్ల డబ్. 

కిందికి దిగినంక నేనే బతిమాలిన. "బాపూ, నీ కాళ్లు మొక్కుత, గా కొమ్మ సంగతి చెప్పకు. వాళ్లు ముందే కొట్టెయ్యాలని ఉన్నరు. ఒక్క కొమ్మ డొల్లంటె చెట్టే డొల్లంటరు."

"అంటరు."

"మరి చెట్టు పోతది గద!"

"పోతె పోతది. దాని కింద ఉయ్యాల ఉన్నది." కట్టె నా ముందట పెట్టి, "డొల్లను గట్టి అని చెప్పెతందుకైతె దీన్ని ఇన్నేండ్లు ఎందుకు పట్టుకున్న? పొయ్యిల పెడుదును" అన్నడు.

గురువారం సారు వచ్చిండు, రంపం వచ్చింది, కాలనీ సగం వచ్చింది. బాపు ముందుకు పోయి, "సారూ, ఉయ్యాల దిక్కు కొమ్మ డొల్ల. పిల్లగాళ్లను దాని కిందికి పోనియ్యకుండ్రి" అన్నడు. సంతకాలు పోగుచేసినక్క అందుకున్నది: "చూసిన్రా? బోర్డు నిజమే! కొట్టెయ్యుండ్రి సారు!" 

సారు బాపును కింద మీద చూసిండు. "పెద్దాయనా, చెట్టు ఉండాలని ఊరంతా తిరిగి చెప్పింది నువ్వే గద. మరి డొల్లని నువ్వే చెప్తున్నవేంది?"

"డొల్ల ఉన్నకాడ డొల్ల అన్న సారు. మిగిలింది గట్టిది. అది గూడ నేనే చెప్తున్న."

సారు ఆ కట్టె అడిగి తీసుకొని తనే మానును కొట్టి చూసిండు. ఏం సమజైందో మరి, "కొమ్మ ఒక్కటి తియ్యుండ్రి" అన్నడు. కొమ్మ కింద పడ్డప్పుడు చూస్తె లోపల నా చెయ్యి పట్టేంత బొక్క.

తల్లులకు ధైర్యం రాలె. బాపు నన్ను పిలిచి, "నువ్వు నా పక్కన కూసో. కాలనీల అందరికంటె బరువైనోనివి, నీ మీద పడలేదంటె ఎవ్వల మీద పడదని నమ్ముతరు" అన్నడు. రోజు పొద్దుగాల ఇద్దరం ఆ చెట్టు కింద కూసున్నం. ఊకె కూసునుడెందుకని నా చేతుల బొగ్గు పెట్టిండు. నేను గీసిన ఇప్పాకును చూసి "కాలి చెప్పు మంచిగ గీసినవ్" అన్నడు. మా నవ్వులకే ఒక్కొక్క పిల్ల మెల్లగ మల్ల వచ్చింది.

నన్ను సిగ్గుపడేటట్టు చేసింది వేరే ఉన్నది. కొమ్మ లోపల బొక్క చూసినంక కాలనీల, "ఆ బోర్డు పెట్టినోడెవడో పుణ్యాత్ముడు, పిల్లలను కాపాడిండు" అనుడు మొదలైంది. నేను పక్కనే ఉండి తల ఊపేది. బాపు జర దగ్గేది, గంతే. ఒకసారి నేనే అడిగిన, "నా పేరు ఎప్పుడు చెప్తవ్ బాపూ?" అని. "నీ డొల్ల నువ్వే చెప్పుకోవాలె. నేను చెప్తె అది చాడీ అయితది" అన్నడు. నాలుగేండ్లు ఆగిండు. తిట్టలె, యాదిచెయ్యలె, పక్కన జాగ ఇచ్చిండు. షుగర్ తగ్గింది నడిచినందుకేనని డాక్టర్ అనుకుంటడు. ఆయన అనుకోని.

మొన్న ఐతారం పార్కుకు పోయిన. ఫ్లెక్సీ ముక్కలు పరిచిన. తల్లులు పిల్లలు వచ్చినంక చెట్టు కింద నిలబడి చెప్పిన, "ఆ పుణ్యాత్ముడు నేనే. పరాచికానికి పెట్టిన. కొమ్మ సంగతి నాకేం ఎరుకలేదు" అని.

సంతకాలు పోగుచేసినక్కనే ముందుగాల లేచింది. "నీ నోట్లె మన్ను పొయ్య! నాతోని ఇల్లిల్లు తిప్పిచ్చినవ్ గదర! నిండు చెట్టును కొట్టిపిస్తుంటి గదర!"

"అవునక్కా."

"బాపుకు ఎరుకేనా?"

"ఎరుకే."

"మరి ఆయన ఒక్కనాడు..." అని ఆమె మాట మధ్యలనే ఆగింది. పైకి చూస్తున్నది. మేమందరం చూసినం. కోసిన కొమ్మ మొండిల బొక్క నుంచి ఒక రామచిలుక తల బయటపెట్టింది. మెడ వంకర చేసి మమ్ముల చూసింది, లోపలికి పోయింది. ఎవ్వలం కదలలె. జర సేపటికి మల్ల వచ్చింది, ఈసారి దాని పక్కన ఇంకో తల.