చిక్కం అక్కర్లేని కోడె

కల్వకుర్తి దగ్గరి మా ఊళ్లో, లేత జొన్నచేలో కలుపు తీయడానికి గుంటుక తోలేటప్పుడు ఎద్దు పైరు మేయకుండా దాని మూతికి తాళ్ల చిక్కం కట్టేవాళ్లం. పంతొమ్మిదివందల అరవైలలో ఒక కోడెకు చిక్కం లేకుండానే బుద్ధి నేర్పుతానని మా బాపు పట్టుబట్టాడు. నల్ల గొంగడి భుజాన వేసుకుని వెంట నడుస్తూ, అది జొన్నకు మూతి చాచినప్పుడల్లా ముల్లుగర్రతో పొడిచేవాడు. నెల తిరిగేసరికి కోడె తల తిప్పడం మానేసింది.

ఒకరోజు బాపు గొంగడి ఇంట్లో మరిచి వచ్చాడు. ఆయన వెంటే ఉన్నా కోడె సాలు పొడుగునా మేసింది. నేను పరుగెత్తి గొంగడి తెచ్చి ఆయన భుజాన వేశాను. కోడె తల తిన్నగా అయింది. చేను తినగూడదని అది నేర్వనేలేదు, గొంగడి ఉంటే పోటు పడుతుందని నేర్చింది.

ఆ వారమే బాపు దాన్ని అంగడికి తోలుకెళ్లాడు. ఎండ మండుతున్నా గొంగడి తీయలేదు. కోడె ముందు పచ్చిజొన్న పరిచి, "సూడుండ్రి, చిక్కం అక్కర్లేని కోడె!" అన్నాడు. అది మూతి ఆనించలేదు. కొన్నాయన మురిసిపోయాడు. పగ్గం నేనే అతని చేతికిచ్చాను.

మొన్న మా మనవరాలు, అడిగినదానికి బదులు చెప్పే ఏఐని ఫోనులో తెరిచి నా చేతికిచ్చి, "అవ్వా, గీ మిషన్‌కు మన మంచి చెడు అన్నీ నేర్పిండ్రు" అన్నది. ఏమేమో అడిగి చూశాను. ఒక్క మాటా తప్పుగా అనలేదు. నాకు అక్కడే అనుమానం వచ్చింది.

"నేర్పినామని ఎవరు చెప్పిండ్రు?"

"అమ్మెటోళ్లే అవ్వా."

"మరి వాళ్ల భుజం మీద ఏమున్నదో సూసినవా?"