సెల్ఫ్ అందుకోని పడవ

తెలంగాణ వచ్చిన కొన్నేళ్లకు నాకు కృష్ణా నది నీటిమట్టం చూసే ఉద్యోగం దొరికింది. కాంట్రాక్టు ఉద్యోగమే. మాది కేతేపల్లి దగ్గరి పల్లె. మా నాయిన ఊళ్లోవాళ్ల పొలాల్లో కూలి చేసి నన్ను డిగ్రీ దాకా చదివించాడు. నెలజీతం అనే మాట మా ఇంట్లోకి నాతోనే వచ్చింది. అందుకని ఆత్మకూరుకు అవతల, ప్రాజెక్టు బ్యాక్‌వాటర్ ఒడ్డున రేకుల గదిలో ఒక్కడివే ఉండాలని ఆఫీసువాళ్లంటే కాదనలేకపోయాను. నా భార్య ఊళ్లో అంగన్‌వాడీ టీచర్. ఆమె కదలడానికి లేదు.

పని కష్టమైనదేమీ కాదు. నీళ్లలో అక్కడక్కడ కొలత రాళ్లు పాతి ఉంటాయి. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పడవలో వెళ్లి నీళ్లు ఏ గీత దగ్గర ఉన్నాయో చూసి ఆఫీసుకు ఫోన్‌లో పంపాలి. పడవకు చిన్న డీజిల్ ఇంజన్ ఉండేది. బండికి తిప్పినట్టు తాళంచెవి తిప్పితే స్టార్ట్ అయ్యేది.

కష్టమంతా మిగతా పొద్దుతోనే. చేపలు పట్టేవాళ్లు నేను లేవకముందే వలలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. రోజూ సాయంత్రం నా భార్య ఫోన్ చేసేది.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తిన్న."

అక్కడికి ఇద్దరి దగ్గరా మాటలు అయిపోయేవి. కొలత రాయి మీద కొంగ వాలి గీతలు కనబడకపోతే ఒకరోజు "ఓయ్, జర జరుగు" అన్నాను. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో ఒక పొద్దున తాళంచెవి తిప్పితే ఇంజన్ తిరగలేదు. 'టక్' అని ఒక్క చప్పుడు, అంతే. పదిసార్లు తిప్పాను. ఇంజన్ మూత లోపల మెకానిక్ ఫోన్ నంబరు రంగుతో రాసి ఉంది. ఆయనది ఆత్మకూరులో దుకాణం. నేనెప్పుడూ చూసిన మనిషి కాదు. ఫోన్ చేశాను.

"సెల్ఫ్ కొడ్తే ఏమన్న సప్పుడొస్తాందా సారూ?"

"ఒక్కసారి టక్ అంటుందన్నా. ఆ తర్వాత ఏం లేదు."

"ఫికర్ చేయకుండ్రి. గేరు న్యూట్రల్ల ఉన్నదా?"

"ఉన్నది."

"పడవ లైటు ఏసి, మల్ల సెల్ఫ్ కొట్టుండ్రి. లైటు గుడ్డిగైతాందా చూడుండ్రి."

లైటు వెలుగు కొంచెం కూడా తగ్గలేదు. అంటే బ్యాటరీలో బలం ఉన్నట్టే అన్నాడు. బ్యాటరీ కొనల మీద తెల్లగా పేరుకున్న పొడిని వేడినీళ్లు పోసి కడగమన్నాడు. స్టవ్ వెలిగించి నీళ్లు కాచి తెచ్చి కడిగాను. మళ్లీ అదే టక్. ఇంజన్ ముందున్న పెద్ద చక్రాన్ని చేత్తో తిప్పి చూడమన్నాడు. బరువుగానైనా తిరిగింది.

"అయితే ఇంజన్ పట్టేయలే. బతికినం" అన్నాడు. తర్వాత "ఆడ ఒక్కరే ఉంటరా సారూ?" అని అడిగాడు.

నేను అక్కడికి వచ్చాక ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

"ఒక్కన్నే అన్నా."

"సరే, సెల్ఫ్ మోటరే పోయినట్టుంది. నేనే వస్త. పగటికల్లా ఆడుంట."

ఫోన్ పెట్టేశాక ఊరికే కూర్చోలేక, బ్యాటరీ నుంచి ఇంజన్‌కు పోయే నల్లటి వైరును చేత్తో తడుముతూ వెళ్లాను. ఇంజన్‌కు బిగించిన చోట దాని కొన ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది. బోల్టు వేళ్లకే వదులుగా తగిలింది. ఊడదీసి, కూరగాయల కత్తితో మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించాను. తాళంచెవి తిప్పగానే ఇంజన్ అందుకుంది.

వెంటనే ఆపేశాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఆయన ఇంకా దుకాణంలోనే ఉండి ఉంటాడు. రావద్దని ఒక్కమాట చెప్తే సరిపోయేది. ఫోన్‌ను చూస్తూ చాలాసేపు నిలబడి, జేబులో పెట్టుకున్నాను. తర్వాత పడవలోకి దిగి ఆ బోల్టును రెండు చుట్లు వదులు చేశాను. తాళంచెవి తిప్పి చూశాను. టక్.

గది ఊడ్చాను. అన్నం వండాను. ముందురోజు ఎండబెట్టిన చేపలు ఉంటే పులుసు పెట్టాను. నా దగ్గర ఒక్కటే పళ్లెం ఉండేది. రెండోదానికి గిన్నె మూత కడిగి పెట్టాను.

ఆయన వచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. యాభై దాటిన మనిషి. కళ్లద్దాలకు దారం కట్టుకున్నాడు. బండి చక్రాల నిండా బురద, ప్యాంటు మోకాళ్ల దాకా బురద. వెనక సంచిలో ఇంకో సెల్ఫ్ మోటరు కట్టుకుని తెచ్చాడు. ఆ సంచిని నేనే దించాను, చాలా బరువు.

పడవలోకి దిగి ఆయన వైర్లను ఒక్కసారి చూశాడు. చేయి నేరుగా ఆ బోల్టు మీదికే పోయింది. మెరుస్తున్న వైరు కొనను చూశాడు, నన్ను చూశాడు. పానాతో బిగించి తాళంచెవి తిప్పాడు. ఇంజన్ స్టార్టయింది.

"గిది నువ్వే గీకినవ్ గదా?"

"ఊ."

"గీకినంక స్టార్టయిందా?"

"అయిందన్నా."

"మల్ల ఎందుకు ఇప్పినవ్?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవాలని చూశాను. నోటికి అబద్ధం రాలేదు. "మనిషితోని కూసోని మాట్లాడి ఎన్ని దినాలైందో అన్నా" అన్నాను.

ఆయన ఇంజన్ ఆపాడు. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నీళ్లవైపు చూశాడు.

"దుకాన్ల ఇద్దరు గిరాకీలను కూసోబెట్టి వచ్చిన" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే తల ఎత్తలేకపోయాను.

ఆ గుడ్డను సంచిలో పెట్టి, "అన్నం వండినవా?" అన్నాడు.

ఆయనకు పళ్లెం పెట్టి, నేను మూతలో తిన్నాను. పులుసులో ఉప్పు ఎక్కువైంది. అయినా ఆయన రెండోసారి పోయించుకున్నాడు. చిన్నప్పుడు పుట్టి పడవలో ఏరు దాటి బడికి పోయిన సంగతి చెప్పాడు. నేను మా నాయిన గురించి చెప్పాను. ఏం చెప్పానో ఇప్పుడు గుర్తులేదు. ఆపకుండా చెప్పానని మాత్రం గుర్తుంది. ఆయన రెండుసార్లు పొద్దువైపు చూసి కూడా నన్ను ఆపలేదు.

బండెక్కాక అన్నాడు: "తమ్మీ, ఇంకోపారి ఇంజన్ మీద పెట్టకు. అన్నం తిందాం రా అన్నా అని చెప్పు. తీరితే వస్త. తీరకుంటే తీరదని చెప్త."

ఆ సాయంత్రం జరిగిందంతా నా భార్యకు చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు. "ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే?" అన్నది. ఆ రోజు ఇద్దరం ఫోన్ తొందరగా పెట్టేయలేదు.

సిగ్గుతో నెల దాకా మెకానిక్‌కు ఫోన్ చేయలేదు. తర్వాత చేశాను. ఎక్కువసార్లు తీరదనే చెప్పాడు. రెండుసార్లు వచ్చాడు. ఆ ఎండాకాలం నా భార్య రెండు రోజుల సెలవు పెట్టి వచ్చింది. వస్తూ రెండు పళ్లాలు తెచ్చింది. పడవ ఎక్కి, నీళ్లంటే భయంతో రెండు చేతులా అంచు గట్టిగా పట్టుకుని, కొలత రాళ్లన్నీ నాతో చూసింది. ఆమెను ఆత్మకూరులో బస్సెక్కించి వచ్చి గది తలుపు తీస్తే, ఆరేయడం మరిచిన ఆమె తువ్వాల తడిగా మంచం మీద ఉంది. దాన్ని దండెం మీద వేసి, సాయంత్రం కొలతలకు బయలుదేరాను.