మూడున్నర ఆంగ్‌స్ట్రాంల అవతల

సుభద్రకు ఓపిక ఎక్కువని రాయ్‌పూర్‌లోని ఆ పరిశోధనాలయంలో అందరూ అంటారు. ఉండాలి మరి. ఆమెది స్ఫటికాలు పెంచే ఉద్యోగం. చుక్కంత ద్రవాన్ని గాజుపలక కింద వేలాడదీసి వారాల తరబడి కాచుకుని కూర్చోవాలి; ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ప్రాణం ఉసూరుమంటుంది. తండ్రి మల్లేశ్వరరావు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. "కంటికి అగుపడనిదానికి జీతం ఇత్తారేటే!" అని నవ్వేవాడు. చిన్నకూతురు లహరి పోయాక ఆ నవ్వూ పోయింది.

లహరిది సిక్లింగ్ జబ్బు. రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. నొప్పి మొదలైతే పిల్ల మంచం పట్టె పట్టుకుని మెలికలు తిరిగేది. అక్క పైఅధికారి గిరిధర్ సర్ ఆ జబ్బుకు కొత్త మందు వెతుకుతున్నారని విని రక్తం తనే ఇచ్చింది. "తీస్కో అక్కా, ఊరికే పాడైపోతన్న రక్తమే గదా" అంది. ఆ రక్తంలోని హిమోగ్లోబిన్‌తో సుభద్ర స్ఫటికాలు పెంచి, మందులో నానబెట్టింది. మందు హిమోగ్లోబిన్‌కు అతుక్కుందో లేదో చూడటానికి వాటిని ఎక్స్‌రే యంత్రంలో పెట్టేనాటికి లహరి లేదు. పంతొమ్మిదేళ్లు.

ఎక్స్‌రేలు తగిలి స్ఫటికాలు ఒక్కొక్కటే పాడైపోయాయి. మిగిలింది కంప్యూటర్లో ఒక మబ్బు. అణువుల ఆకారాలు అందులోనే వెతకాలి. మిల్లీమీటరులో కోటో వంతును ఆంగ్‌స్ట్రాం అంటారు. వీళ్ల బొమ్మ మూడున్నర దగ్గర ఆగిపోయింది. అంతకన్నా చిన్న వివరం విడిగా తెలియదు. ప్లాట్‌ఫారం అవతలి చివర ఎవరో నడుస్తున్నారని తెలుస్తుంది, ఎవరో తెలియదు, అంతే.

అయినా సుభద్రకు మందు కనిపించింది. ఎంత పలచని మబ్బు వరకు తెరమీద చూపాలో మన చేతిలోనే ఉంటుంది. ఆ హద్దును ఆమె రోజుకు కాస్త దించింది. ఒకనాడు హిమోగ్లోబిన్ పక్కన మందు ఆకారం తేలింది. తెరమీద అక్కడ మందు అణువు నమూనాను అతికించేసింది. అంత దించితే ఎవరికి కావలసింది వారికి కనిపిస్తుందని తెలియదా? కొత్తవాళ్లకు ఆ సంగతి నేర్పేది తనే! గిరిధర్ సర్ నమ్మి వ్యాసం రాశారు. తల్లి అప్పలనరసమ్మ కూతురి రక్తంలో మందు దొరికిందని వీధంతా చెప్పుకుంది.

అప్పటినుంచి ఆ మబ్బు సుభద్ర వెంటపడింది. టీ ఆవిరిలో, ఆరేసిన చున్నీలో, ఎక్కడ మసకగా ఉంటే అక్కడ లహరి. సొంత చెల్లెలంటే భయమేసేది. ఒక పరీక్ష మిగిలి ఉంది: అతికించిన మందును తీసేసి కంప్యూటర్‌తో మళ్లీ లెక్క కట్టించాలి. నిజంగా ఉంటే మబ్బు తనంతట తానే అక్కడికి వస్తుంది. మూడు వారాలు ఆమెకు చేతులు రాలేదు.

వ్యాసం పంపాల్సిన ఉదయం ఆ పరీక్ష చేసింది. మబ్బు రాలేదు.

"ఆపండి సర్. నేను పెట్టిందే నాకు కనిపించింది."

గిరిధర్ సర్ తెరను తనవైపు తిప్పుకున్నారు. "ఇంకో స్ఫటికం పెంచలేమా?"

"ఆ రక్తం ఇంక లేదు సర్."

సాయంత్రం ఇంటికొచ్చి తల్లి పక్కన కూర్చుంది. "మందు నేదమ్మా. నానే తప్పు సూసినాను."

"పక్కా నేదా?"

"ఉన్నా అగుపడదు. మా మిషన్‌కి అంత సూపు నేదు."

"అయితే నేదని కూడా సెప్పలేవు గదా?" అప్పలనరసమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

శాస్త్రం ప్రకారం తల్లి మాట నిజమే. ఆ నిజాన్ని పట్టుకుని ఈ ఇల్లు లహరిని ఎన్నటికీ పోనివ్వదని సుభద్రకు అర్థమైంది.

"సెప్పలేనమ్మా" అంది, ఏడుస్తూ.