అనుకోని దాడికి ముందు నాలుగు ట్రిప్పులు

శ్రీకాకుళంలో నేను చరిత్ర చెబుతాను. చైనా సైన్యం ఏ సూచనా లేకుండా మన మీద పడిందన్న వాక్యాన్ని ఏటా తరగతిలో చదువుతాను. ఆ యుద్ధంలోనే మా తమ్ముడు శంకరం పోయాడు. విజయనగరంలో పెరిగినవాడు, ఎక్కడ కూర్చున్నా వేళ్లతో తాళం వేసేవాడు; సైన్యంలో వైర్‌లెస్ పనిలో ఉండేవాడు. అతని దళం నుంచి వచ్చిన ఉత్తరంలోనూ అదే మాట: శత్రువు అనుకోకుండా వచ్చాడు, మీ తమ్ముడు నిద్రలోనే పోయాడు. ఆరేళ్లుగా ఆ ‘నిద్రలోనే’ అన్న మాట పట్టుకుని బతుకుతున్నాను. వాడికి భయమంటే తెలియకుండా పోయాడు కదా అని. కానీ మూడేళ్లకు పడమటి సరిహద్దులో యుద్ధం వచ్చినప్పుడు కూడా పత్రికల నిండా ‘అనుకోకుండా’ అనే ఉంది. ఇంత పెద్ద దేశానికి ప్రతిసారీ అనుకోకుండానే ఎలా జరుగుతుంది? ఆ అనుమానంతో ఉండగానే ఈ ఏడు, సాలూరులో అప్పలస్వామి అనే లారీ డ్రైవరున్నాడనీ, యుద్ధానికి ముందు మిలటరీ లారీ తోలి చైనా సరిహద్దు కొండల్లోకి సరుకు చేరవేశాడనీ, మా కాలేజీ తెలుగు మేడమ్ చెప్పింది. ఆవిడది ఆ ఊరే.

వేసవి సెలవుల్లో బయల్దేరాను. ఆమదాలవలసలో పొద్దున్నే పాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నరకు విజయనగరం. నెల్లిమర్ల దగ్గర షిఫ్టు దిగిన జూట్ మిల్లు మనుషులు ఎక్కి, పెట్టెలో నిలబడే చోటు కూడా లేకుండా చేశారు. విజయనగరంలో తొమ్మిది గంటల సాలూరు బస్సు దొరికింది. టికెట్టు రెండు రూపాయల లోపే. గజపతినగరం, రామభద్రపురం మీదుగా రెండున్నర గంటల దారి. కుడి వైపు సీటు ఎండకు కాలుతుంది, ఎడమ వైపు కూర్చోండి. సాలూరు దగ్గరపడుతుంటే కొండల కంటే ముందు లారీలు కనిపిస్తాయి. రోడ్డుకు రెండు పక్కలా బానెట్లు ఎత్తి నిలబెట్టిన లారీలే.

అప్పలస్వామి తన లారీ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. యాభై ఏళ్ల మనిషి. నేనెవరో చెప్పాక లేచి, చేతులు తుడుచుకుని ఇంటికి తీసుకెళ్లాడు. అతని భార్య నూకాలమ్మ రాగి పిండితో కాచిన చోడి అంబలి, ఉల్లిపాయ పెట్టింది. వచ్చిన పని విని నవ్వింది. “ఇంత సదువు సదివీసి, ఈయన కబుర్ల కోసం ఎండన పడి వచ్చినావేటి పంతులమ్మా? నానైతే ఇరవయ్యేళ్లుగా ఇంటన్నాను, ఒక్క ముక్క నిజం దొరకనేదు.”

శంకరం ఫొటో ఇచ్చాను. అతను వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూసి, పోల్చలేనన్నాడు. అక్కడ అందరూ గడ్డాలు పెంచేసి, తలకు గుడ్డలు చుట్టుకుని ఉండేవారట. నా మనసు చివుక్కుమంది. అవునని ఒక్క మాట అంటే అతనికి పోయేదేమీ లేదు. అయినా అనలేదు. అతను ఆ తర్వాత చెప్పినదాన్ని నేను నమ్మడానికి కారణం అదే.

కొండ మీద రోడ్డు ఆగిపోయే చోట ఒక విజయనగరం బాబు ఉండేవాడట. పేరు తెలియదట, ‘బాబు’ అనే పిలిచేవాడట. వైర్‌లెస్ పెట్టె చూసుకునే ఆ మనిషి, లారీ దగ్గరికొచ్చి మాట్లాడుతూ బానెట్టు మీద వేళ్లతో తాళం వేసేవాడట. సంగీతానికి పేరుపడ్డ విజయనగరంలో తాళం వేయని వాడెవడు అనుకున్నాను. అయినా ఫొటో మళ్లీ చేతిలోకి తీసుకున్నాను. దాడికి ముందు నెలరోజుల్లో తాను నాలుగు ట్రిప్పులు వేశానన్నాడు అప్పలస్వామి. సాలూరు డ్రైవర్లకు ఒక అలవాటు ఉంది. సరుకు దించాక ఖాళీ గోనె ఒక్కటీ పారేయరు. మడిచి సీటు కింద పెట్టుకుంటారు. బురదలో చక్రం దిగబడితే దాని కింద అవే వేయాలి. మిలటరీలోనూ అతను ఆ అలవాటు మానలేదు. ఆ బాబు ట్రిప్పుకోసారి వచ్చి ఆ గోనెలే అడిగేవాడట. మన్ను నింపి గోడ కట్టడానికి. కొండ అవతల నుంచి రోజూ కొత్త కొత్త చప్పుళ్లు వినిపిస్తున్నాయని, కింద ఉన్న అధికారులకు ఎన్నిసార్లు కబురు పంపినా ‘చూస్తాం’ అంటున్నారని చెప్పేవాడట.

“అనుకోకండా వచ్చీసినారంటారు గదా,” అన్నాడు అప్పలస్వామి. “మరి అనుకోనోడు నెల్లాళ్లు గోడెందుకు కడతాడమ్మా?”

ఈ మాట ఎవరికైనా చెప్పావా అని అడిగాను. యుద్ధం తర్వాత జరిగిన విచారణలో పెద్దవాళ్లను అడిగారని విన్నాడట. “లారీ తోలీవోణ్ణి నన్నెవులడుగుతారు?” అన్నాడు.

నాకు సందేహం తీరలేదు. చప్పుళ్లు విన్నంత మాత్రాన ఏ రోజు వస్తారో తెలిసినట్టా? ఆరేళ్ల జ్ఞాపకం తనంతట తాను కథ అల్లుకోదా? ఆ మాటే పైకి అన్నాను. అప్పలస్వామి నొచ్చుకోలేదు. నాలుగో ట్రిప్పులో గోనెలు తనే తీసి ఇవ్వబోతే ఆ బాబు వద్దన్నాడని చెప్పాడు. అంబలి గిన్నె పక్కకు జరిపి, ఆ బాబు మాటలు ఉన్నవున్నట్టుగా అప్పజెప్పాడు: “‘ఇంక చాల్లే అప్పలస్వామీ. చక్రాలకు నీకే కావాలి. ఇవాళ ఇక్కడ ఆగకుండా దిగిపో, మళ్లీ పైకి రాకు.’ రెండ్రోజులకి ఆ కొండ సైనావోళ్లకి పోయినాది. ఆ బాబు పొమ్మనబట్టే నానిలగ బతికున్నాను.”

నూకాలమ్మ ఈసారి నవ్వలేదు. నా చేతిలో ఫొటో తీసుకుని కొంగుతో తుడిచి, తిరిగి నా ఒళ్లో పెట్టింది.

అది శంకరమే అని రుజువు లేదు. కాదనడానికీ నాకు నోరు రాలేదు. శంకరమే అయితే వాడు నిద్రలో పోలేదు. నెలరోజులు మేలుకుని, విని, చెప్పి, ఎవరూ వినరని తెలిసి, ఒక డ్రైవర్ని కిందికి పంపి, తను అక్కడే ఉండిపోయాడు. నిజం కావాలని వెళ్లిన నేను, నన్ను ఇన్నాళ్లు బతికించిన ఒక్క మాటను అక్కడ వదిలేసి వచ్చాను. జూలైలో తరగతిలో ఆ వాక్యం చదువుతాను, తప్పదు. కానీ ‘ఎవరికి అనుకోకుండా?’ అని పిల్లల్ని అడుగుతాను. జవాబు నా దగ్గర సగమే ఉందని కూడా చెబుతాను.

ఇలాంటి పని మీద వెళ్లేవారికి ఒక్క సూచన. ఏం జరిగిందని అడగకండి, అది అందరికీ కంఠతా వచ్చిన పాఠం. ఏం మోశారో, దారిలో ఎవరేం అడిగారో అడగండి. సాలూరు నుంచి తిరుగు బస్సు నాలుగింటికొకటి, ఐదున్నరకొకటి ఉన్నాయి. ఐదున్నరదే నమ్ముకోండి. నాలుగింటి దానికి లేచి రావడం మీ వల్ల కాకపోవచ్చు.