గొట్టం వెనక మూడు కుర్చీలు

ఎండకు కాగిన టార్పాలిన్ వాసన తగిలితే ఇప్పటికీ నా నడుము దానంతటదే నిటారవుతుంది. మొన్న మిద్దె మీదికి పట్ట కొందామని ప్రొద్దుటూరు పోయాను. అంగడాయన కొత్త పట్ట విప్పి ఎండలో పరిచాడు. బేరం మరిచిపోయి సుగుణమ్మ మేడంను తలచుకుంటూ నిలబడిపోయాను.

మేడం జమ్మలమడుగు మిషన్ బడి పంతులుగారి కూతురు. నీటి పనులు చూసే ఆఫీసులో నా మొదటి పై అధికారి. ఆమెకు గొంతు పెంచడం చేతకాదు. ఆ రోజుల్లో మా వైపు గొంతు పెంచనివాళ్ల మాట వినేదెవరు? ఊరికి రెండు పార్టీలు, పార్టీకొక టీ అంగడి. పెన్న పక్కన పల్లపు కాలనీలోనూ పై వీధి ఓబన్నది, కింది వీధి పుల్లన్నది. పెన్న పొంగితే మాత్రం నీళ్లు పార్టీ చూడకుండా రెండు వీధుల్లోనూ దూరేవి.

ఒక ఏడు వానలకు ముందు మా ఆఫీసుకు రబ్బరు పూసిన టార్పాలిన్‌తో చేసిన పొడవాటి గొట్టం వచ్చింది. నేల మీద పరిచి నీళ్లు నింపితే గోడలా ఉబ్బి, తన బరువుతోనే వరదను ఆపుతుందట. పరీక్షలో నిలిస్తే కాలనీకి ఇస్తారు. లేదంటే వెనక్కి పోతుంది, కాలనీ ఎప్పటిలాగే మునుగుతుంది.

పరీక్ష కోసం కాలనీ ముందు గొట్టం పరిచి నీళ్లతో ఉబ్బించి, దాని అవతల మట్టికట్ట వేశాం. ఆ రెంటి నడుమ మోటార్లతో నీళ్లు నింపాలి. నీళ్లన్నీ తన వీధి మీదికి తోసే ఎత్తు ఇదని ఓబన్న అన్నాడు. పుల్లన్నదీ అదే మాట. గొట్టాన్ని కొడవళ్లతో చీరేస్తామని ఇద్దరి మనుషులూ కబురు పెట్టారు. పోలీసులను పిలుద్దామన్నాను.

"పోలీసులొద్దు నాయనా. మూడు కుర్చీలు తెప్పించు," అంది మేడం.

ఇద్దరి ఇళ్లకూ తనే పోయింది. "నువ్వు రాకున్నా పరవాలేదప్పా. ఆ వీధి ఆయప్ప వచ్చి గొట్టం వెనక కూర్చుంటాండాడు," అని ఇద్దరికీ ఒకే మాట చెప్పి వచ్చింది. ఇంకేముంది, ఇద్దరూ వచ్చారు. నాయకుడే వెనక కూర్చున్నాక గొట్టం మీద కత్తి వేసేదెవరు?

మేడం వాళ్లిద్దరి మధ్య కూర్చుంది. అవతల నీళ్లు లేస్తున్నాయి. గొట్టం కిర్రుమని కాస్త జరిగింది. అడుగు నుంచి నీళ్లు ఊరి, కూర్చున్న ముగ్గురి చెప్పులనూ తడిపాయి.

"ఏమప్పా, కాళ్లు తడుస్తాండాయి. లేస్తావా?" అన్నాడు పుల్లన్న.

"నేనేంది లేసేది? బయమైతే నువ్వే పో," అన్నాడు ఓబన్న.

గొట్టం బరువుగా నేలకు అతుక్కుంది. ఊట ఆగింది. అవతల నిండుగా నీళ్లు, ఇవతల వీధుల్లో ధూళి. గెలిచాం!

"సాలప్పా, ఇంగ లేయండి," అంది మేడం. ఒక్కరూ లేవలేదు. ముందు లేచినవాడు జడిసినట్టే. ఎండ నడినెత్తికి వచ్చింది. రెండు వైపులా మనుషులు నిలబడి చూస్తున్నారు. ఎవరైనా నోరు జారితే తలకాయలు పగిలేటట్టున్నాయి.

మేడం లేచి నిటారుగా నిలబడి చీర దులుపుకుంది. అందరికీ వినపడేట్టు, "నా వల్ల కాదు సామీ. నేను ఓడిపోయినా. మీరిద్దరూ గెలిచినారు," అంది.

ముందు ఓబన్నకు నవ్వొచ్చింది. ఆ తరువాత ఇద్దరూ ఒక్కసారే లేచారు.

ఆ వానల్లో పెన్న నిజంగానే వచ్చింది. రెండు వీధులవాళ్లూ కలిసి గొట్టం ఈడ్చుకొచ్చి పరిచారు. అవతల ఎర్రనీళ్లు సుళ్లు తిరుగుతుంటే ఇవతల రెండు వీధుల్లోనూ పొయ్యిలు వెలిగాయి. నేను వానలోనే గంతులు వేశాను. ఉద్యోగంలో అంత సంతోషం మళ్లీ దొరకలేదు.

"ఈసారి కుర్చీలు యాడ మేడం?" అన్నాడు పుల్లన్న, ఓబన్న పక్కనే ఇసుక మూట మోస్తూ.

"ఎందుకప్పా? కూర్చునేటోళ్లు ఎవరుండారు?" అంది గొడుగు కింద నుంచి.

ఇప్పుడు పులివెందులలో నేనూ పై అధికారినే. పంచాయితీలో ఇద్దరు బిగుసుకుని కూర్చుంటే, ఓడిపోయానని చెప్పి ముందు నేను లేస్తాను. మొదట్లో ఆ మాట నాలుక మీదికి వచ్చేది కాదు. ఇప్పుడు హాయిగా అంటాను. అనేటప్పుడు నడుము మాత్రం వంచను. ఆ రోజు మేడం వంచలేదు.