నా దగ్గర ఆగిన గుర్తుమాట

కుళ్ళంటే ఏమిటో నాకు సింగపూర్‌లోనే బాగా తెలిసింది. ఐటీ ఉద్యోగాలు ఎడాపెడా దొరుకుతున్న రోజులు. క్లెమెంటిలో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ణి. ఆఫీసులో నా పక్క సీటతను యీషున్‌లో పుట్టి పెరిగిన తెలుగువాడు. వాళ్ళ ముత్తాత ఎప్పుడో కాకినాడలో ఓడెక్కి వచ్చాడట. ఇక్కడి మగపిల్లలందరిలాగే అతనూ రెండేళ్ళకు పైగా సైన్యంలో ఉన్నాడు. ఇప్పటికీ ఏటా కొన్నాళ్ళు శిక్షణకు పోవాలి.

వెళ్ళే ముందు, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలిస్తూ ఒకటే గొణుగుడు. "అయ్యయ్యో, మళ్ళీ బురద, మళ్ళీ దోమలు. చావే లా!" తిరిగొచ్చాక మాత్రం బడ్డీ కబుర్లే. బడ్డీ అంటే ఒకే గుంటలో పడుకుని, ఒకరి సంచి పట్టీలు ఒకరు బిగించే జోడీ.

నాకు ఒళ్ళు మండిపోయేది. విజయనగరంలో సైన్యం ఎంపికలకు మూడుసార్లు వెళ్ళి, మూడుసార్లూ ఛాతీ చాలలేదని వెనక్కొచ్చినవాణ్ణి మరి! ఆ తీరని మోజుతోనే రోమన్ సైన్యం మీద దొరికిన పుస్తకమల్లా చదివాను. అసలు కత్తికి రెట్టింపు బరువున్న చెక్క కత్తులతో సాధన, ఎనిమిది మందికో తోలు గుడారం. రోజూ పలక మీద రాసిన గుర్తుమాట చేతులు మారుతూ చీకటి పడేలోగా అధికారికి చేరాలి. ఎవడి దగ్గర ఆగిందో వెతికి పట్టుకుని వాణ్ణి శిక్షించేవారు. అన్నీ కంఠతా వచ్చు. ఏం లాభం, నా సంచి పట్టీ బిగించేవాడే లేడు.

ఒకరోజు అతను నా చేతిలో చీటీ పెట్టాడు. దాని మీద ఒకే ఒక్క ఇంగ్లీషు మాట.

"మా యూనిట్ కోడ్ ఇది. టీవీలో వస్తే కొన్ని గంటల్లో క్యాంపులో ఉండాలి. లేట్ అయితే పనిష్‌మెంట్ లా! సర్వర్ రూములో నాకు సిగ్నల్ లేదు. నువ్వు మకాన్‌కి, అదే తినడానికి, పోతే టీవీ చూస్తావు గదా, వచ్చి చెప్పు, కెన్? సరేనా?"

నెల తిరక్కుండానే, కింద హాకర్ సెంటర్ తిండికొట్లలో నూడుల్స్ తింటుంటే టీవీలో ఆ మాట వచ్చింది. గబుక్కున లేచాను కూడా. ఆ ఉదయం అతను బడ్డీతో ఫోన్లో పకపకా నవ్విన నవ్వు గుర్తొచ్చింది. 'అంత ప్రాణమిచ్చే బడ్డీ ఉన్నాడుగా, వాడే చెప్పుకుంటాడులే!' అనుకుని మళ్ళీ కూలబడ్డాను. తినడం ముగించి, టీ తాగి, పైకెళ్ళి పనిలో పడ్డాను. అతనున్న సర్వర్ రూము తలుపు నాకు పదడుగుల దూరం. గంట గడిచింది. రెండు గడిచాయి. నోరు విప్పలేదు.

మూడో గంటలో, యూనిఫాం వేసుకున్న ఒక చైనీస్ కుర్రాడు చెమటలు కక్కుతూ ఆఫీసులోకి ఊడిపడ్డాడు. అతనే బడ్డీ. ఫోన్ కలవక బూన్ లే నుంచి టాక్సీలో వచ్చాడట. ఇద్దరూ లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లమీద పరుగు తీశారు.

మర్నాడు అతను నవ్వుతూ వచ్చాడు. "పది నిమిషాలు మిగిలింది, బతికిపోయినా!"

"నిన్న టీవీ చూడలేదోయ్," అని అబద్ధమాడాను.

"పర్లేదు లా. భారమంతా నీ మీదే వదిలేసినందుకు నా బడ్డీయే నీకు సారీ చెప్పమన్నాడు. 'ఆఫీసులో నీ ఇంకో బడ్డీ ఉన్నాడు గదా, అతను చెప్పేసుంటాడు' అని ముందు ఇంట్లోనే కూర్చున్నాడంట. నీ గురించి వాడికి ఎప్పుడూ చెప్తానే ఉంటా."

సిగ్గుతో చచ్చిపోయాను. చీటీ ఇంకా నా పర్సులోనే ఉంది.